మన బడి చేపల తొట్టి నెల రోజులు ఖాళీగా ఎందుకు ఉంది?



జూన్ మొదటి వారంలో 7వ తరగతి గదిలో ఒక గాజు తొట్టి పెట్టాం. పిల్లల్ని దింపడానికి వచ్చే వాళ్లంతా కిటికీలోంచి తొంగి చూసి పోతున్నారు. అందులో నీళ్లున్నాయి, కంకర ఉంది, నాలుగు కొమ్మల నాచు ఉంది, మూలన ఒక స్పాంజి నుంచి బుడగలు వస్తున్నాయి. చేప మాత్రం ఒక్కటీ లేదు. "ఏం సార్, చేపలకు దుడ్లు చాల్లేదా?" అని ఒక తండ్రి నవ్వుతా అడిగినారు. దుడ్లు ఉన్నాయి. మన పాత విద్యార్థి ఒకాయన తొట్టికీ, పంపుకూ, చేపలకూ అన్నిటికీ ఇచ్చారు. అయినా చేపలు జూలై రెండో వారానికి గానీ రావు. ఎందుకు ఆగుతున్నామో అందరికీ తెలియాలని ఇది రాస్తున్నాను. ఇంట్లో తొట్టి పెట్టుకోవాలని అనుకునే వాళ్లకు కూడా పనికొస్తుంది.

మామూలుగా ఏం జరుగుతుందంటే, పొద్దున అంగడికి పోయి ఒక గాజు గిన్నె, రెండు గోల్డ్‌ఫిష్‌లు, ఒక మేత డబ్బా తెస్తారు. సాయంత్రానికి గిన్నె నింపి చేపల్ని వదులుతారు. మూడు రోజులు ఇల్లంతా సంబరం. ఐదో రోజు నీళ్లు తెల్లగా మసకబారుతాయి. చేపలు పైకొచ్చి నోరు తెరుస్తా ఉంటాయి. వారం తిరిగేసరికి ఒకటి తేలిపోతుంది, ఆ మర్నాడు రెండోది. "మా ఇంటికి చేపలు అచ్చిరావు" అంటారు. అచ్చిరావడం, రాకపోవడం కాదండీ ఇది. ఆ చేపలు తమ మూత్రంలోనే మునిగి చనిపోయినాయి. మాట మొరటుగా ఉన్నా నిజం అదే.

చేప తిన్న మేతలోని మాంసకృత్తులు అరిగినాక మిగిలే చెత్త అమ్మోనియా. మనం దాన్ని యూరియాగా మార్చి మూత్రంలో పంపిస్తాం. చేప అంత కష్టపడదు, మొప్పల గుండా నేరుగా నీళ్లలోకి వదిలేస్తుంది. చెరువులో అయితే అన్ని నీళ్లలో అది లెక్కలోకి రాదు. తొట్టిలో అట్లా కాదు, పోయే దారి లేదు. తినకుండా మిగిలిన మేత, కుళ్లిన ఆకు కూడా అమ్మోనియానే అవుతాయి. నీళ్లు చూసేదానికి అద్దంలా ఉండొచ్చు, విషం మాత్రం పెరుగుతానే ఉంటుంది. మొప్పలు మండి, చేప ఊపిరాడక పైకి వస్తుంది.

దీనికి మందు ప్రకృతిలోనే ఉంది. 8వ తరగతి పిల్లలకు సూక్ష్మజీవుల పాఠంలో నత్రజని చక్రం వస్తుంది. శెనక్కాయ చెట్టు పీకి వేర్ల మీది బుడిపెలు చూపించి చెప్తాం కదా, అక్కడ ఉండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. తొట్టిలో పని చేసేవి వాటికి దాయాదులు. ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాను తిని నైట్రైట్ చేస్తుంది. ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్ చేస్తుంది. నైట్రైట్ కూడా విషమే, అది చేప రక్తాన్ని గోధుమ రంగుకు తిప్పి ఆక్సిజన్ మోయనీకుండా చేస్తుంది. నైట్రేట్ మాత్రం చాలావరకు నెమ్మది సరుకు. అదే నాచుకు ఎరువు. ఇదంతా బ్యాక్టీరియా పనే అని 1890 ప్రాంతంలో సెర్గై వినోగ్రాడ్‌స్కీ అనే రష్యా శాస్త్రవేత్త తేల్చినారు.

ఈ బ్యాక్టీరియాను అంగడిలో కొనాల్సిన పని లేదు. గాలిలో, మట్టిలో, నీళ్లలో కొంచెం ఎప్పుడూ ఉంటుంది. అయితే పెరుగుకు తోడేస్తే రాత్రికి రాత్రి తోడుకున్నట్టు ఇది తోడుకోదు. చాలా నిదానంగా పెరిగే రకం. స్పాంజిలో, కంకర మీద కాపురం పెట్టి, తొట్టికి సరిపడా పెరిగేదానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తినేదానికి ఏమీ లేకపోతే అది కూడా పెరగదు కాబట్టి, చేపలు లేని తొట్టిలోనే పిల్లలు రోజూ చిటికెడు మేత వేస్తున్నారు. ఆ మేత కుళ్లి అమ్మోనియా అవుతుంది, బ్యాక్టీరియా దాన్ని తింటుంది. "సార్, చేపలు లేని తొట్టికి మేత వేసే బడి మనదొక్కటే" అని పిల్లలు నవ్వుకుంటా ఉన్నారు. నవ్వుకోనీ. ఎందుకు వేస్తున్నామని అడిగితే వాళ్లే చెప్తున్నారు, అది చాలు నాకు.

పరీక్ష కూడా వాళ్లదే. వారానికి రెండుసార్లు గాజు గొట్టంలో తొట్టి నీళ్లు పట్టి, మందు చుక్కలు వేసి రంగు చూస్తారు. అమ్మోనియా పరీక్షలో పసుపు ఉంటే మంచిది, పచ్చగా మారితే అమ్మోనియా ఉన్నట్టు. నైట్రైట్ ఉంటే ఊదా రంగు వస్తుంది. మొదట పచ్చ ముదురుతుంది, తర్వాత అది తగ్గుతా ఉంటే ఊదా మొదలవుతుంది, చివరికి ఊదా కూడా పోతుంది. రెండూ వారం రోజులు వరుసగా సున్నా చూపిస్తేనే చేపలు. గోడ మీద చార్టు కట్టినాం, తల్లిదండ్రులు వచ్చినప్పుడు చూడండి. అవధి తగ్గించే ఉపాయం ఒకటుంది. బాగా నడుస్తున్న తొట్టి ఎవరింట్లోనైనా ఉంటే, వాళ్ల పాత స్పాంజిని పిండిన మురికి నీళ్లు ఒక గ్లాసు తెచ్చి పోస్తే చాలు, వారం పది రోజులు కలిసొస్తాయి. ఆ గోధుమ రంగు మురికే అసలు సరుకు. జబ్బు చేపలున్న తొట్టి నుంచి మాత్రం వద్దు.

ఇంక నీళ్ల సంగతి. పుస్తకాల్లో, వీడియోల్లో చెప్పే చేపల పెంపకానికీ మన కోలారు జిల్లా పెంపకానికీ తేడా ఇక్కడే. మనకు నిండుగా పారే నది లేదు. పాలారు ఉందంటే ఉంది, వానలొచ్చినప్పుడు. వెయ్యి అడుగులు దాటిన బోరు నీళ్లే మన దిక్కు. ఆ నీళ్లు రాళ్ల సందుల్లో ఎన్నాళ్లో నిలబడి కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుని వస్తాయి. అందుకే సబ్బు నురగ రాదు, నీళ్లు కాచే గిన్నెలో తెల్లగా పొక్కు కడుతుంది. కఠిన జలం అని 7లోనో 8లోనో చదువుతారు గానీ, మన పిల్లలకు అది పాఠం కాదు, రోజూ స్నానం చేసే నీళ్లు.

దీనివల్ల రెండు సంగతులు. ఒకటి మంచిది: గప్పీ, మోలీ, ప్లాటీ లాంటి చేపలకు కఠిన జలమే ఇష్టం. మెత్తటి నీళ్లు కావాల్సిన నియాన్ టెట్రా, డిస్కస్ లాంటి వాటి జోలికి మనం పోకూడదు, ఎంత అందంగా ఉన్నా సరే. చేపకు తగ్గ నీళ్లు తయారు చేసేదానికంటే నీళ్లకు తగ్గ చేపను తెచ్చుకునేది సుళువు. రెండోది జాగ్రత్త పడాల్సింది: ఇట్లాంటి నీళ్లకు క్షారగుణం ఎక్కువ, పీహెచ్ 8 దగ్గర ఉండొచ్చు. నీళ్లలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అంత ప్రమాదం లేనిది, ఇంకొకటి నేరుగా మొప్పల్లోకి దూరే విషం. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే ఆ విషపు రూపం దాదాపు పది రెట్లవుతుంది. మెత్తటి నీళ్లున్న ఊళ్లో తొందరపడినా చేప ఒక్కోసారి తట్టుకుంటుంది. మన నీళ్లలో తట్టుకోదు. నెల రోజులు ఆగాల్సిందే అని నేను మొండిగా ఉన్నది ఇందుకే.

బోరు నుంచి అప్పుడే వచ్చిన నీళ్లు కూడా తిన్నగా పోయకూడదు. లోతు నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. బకెట్‌లో పట్టి ఒక రోజు మూత లేకుండా ఉంచాలి. పంచాయితి ఓవర్‌హెడ్ ట్యాంకులో బ్లీచింగ్ వేసినా ఆ క్లోరిన్ ఈలోగా పోతుంది. క్లోరిన్ చేపకే కాదు, మనం పెంచుతున్న బ్యాక్టీరియాకు కూడా చేటు. ట్యాంకర్ నీళ్లు ఎక్కడివో తెలియనప్పుడు వాడకపోవడమే మేలు.

తొట్టి కొలత రెండడుగుల పొడుగు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. ఒక ఘనపు అడుగు అంటే 28 లీటర్ల పైచిలుకు, కాబట్టి మొత్తం 56 లీటర్ల చిల్లర. అంచుకు రెండంగుళాలు తక్కువగా నింపి, కంకర పట్టిన చోటు తీసేస్తే సుమారు 45 లీటర్లు. అంటే 45 కిలోలు. కంకర ఏడు కిలోలు, 5 మిల్లీమీటర్ల గాజు తొమ్మిది కిలోలు. అరవై కిలోలు దాటింది. మన బెంచీలు మోస్తాయా? మోయవు. అందుకే సిమెంటు అరుగు మీద పెట్టి, కింద థర్మాకోల్ షీటు పరిచినాం. గాజు కింద చిన్న రాయి ఉన్నా బరువంతా అక్కడ పడి చీలుతుంది, థర్మాకోల్ దాన్ని మింగేస్తుంది. ఈ లెక్కలన్నీ 7వ తరగతి వాళ్లే వేసినారు. ఘనపరిమాణం పాఠం అంత చురుగ్గా సాగడం చాలా ఏళ్ల తర్వాత చూస్తున్నాను.

చిన్న గిన్నె కంటే ఇంత పెద్దది ఎందుకని కొందరడిగారు. నీళ్లు ఎంత ఎక్కువ ఉంటే తప్పు అంత నిదానంగా ముదురుతుంది. ఐదు లీటర్ల గిన్నెలో ఒక పూట ఎక్కువ మేత పడితే చాలు. 45 లీటర్లలో సరిచేసుకునే వ్యవధి ఉంటుంది. వేడి, చలి కూడా పెద్ద తొట్టిలో మెల్లగా మారతాయి. మొదటిసారి చేసేవాళ్లకు పెద్ద తొట్టే సుళువు.

ఎండ నేరుగా పడే చోటు పనికిరాదు. నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గుతుంది, గాజు మీద పాచి దట్టంగా పడుతుంది. వెలుతురు కోసం పైన ఎల్ఈడీ దీపం రోజుకు ఏడెనిమిది గంటలు, అంటే బడి వేళలు, చాలు.

కరెంటు గురించి ఒక ముఖ్యమైన మాట, ముఖ్యంగా మన సిబ్బందికి. సాయంత్రం బడి మూసేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపేసి పోవడం మన అలవాటు. పంపు రాత్రంతా ఆగితే స్పాంజిలోని బ్యాక్టీరియాకు గాలి అందదు. అందుకని ఆ గదికి వేరే లైను తీయించి, షాక్ కొడితే తనంతట తానే ఆగిపోయే స్విచ్ వేయించాం. దాని మీద "ఆపవద్దు" అని తెలుగులోనూ కన్నడంలోనూ రాసి అంటించాం. వైరు సాకెట్ కంటే కిందికి వేలాడేలా వదిలినాం, నీటి చుక్క వైరు వెంబడి జారినా కిందనే రాలిపోతుంది, సాకెట్‌లోకి పోదు. పంపు తొట్టి నీటి మట్టం కంటే పైన పెట్టాలి, లేకుంటే కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టంలో వెనక్కి వచ్చి పంపులోకి దిగుతాయి. నీళ్లలో చెయ్యి పెట్టే పని ఏదైనా ప్లగ్గు తీసినాకే, టీచర్ ఎదురుగానే. రెండు మూడు గంటల కోతకు భయం లేదు. చేపలు తక్కువగా ఉంటే నీటి పైభాగం నుంచే కావాల్సిన గాలి దొరుకుతుంది.

కంకర మన గ్రానైటు చిప్స్‌నే వాడినాం. నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి, సబ్బు తగలకూడదు. రాయి మీద నిమ్మరసం పిండితే నురగ వస్తే అందులో సున్నం ఉన్నట్టు. మన నీళ్లలో ఉన్న సున్నం చాలదా, ఇంకా ఎందుకు?

నాచులో హైడ్రిల్లా, వాలిస్నేరియా రెండూ కఠిన జలంలో బాగా పెరిగేవే. కిరణజన్య సంయోగక్రియ ప్రయోగంలో గరాటు కింద పెట్టి బుడగలు చూపించే మొక్క ఈ హైడ్రిల్లానే. ఇకమీదట ఆ ప్రయోగానికి బొమ్మ చూపించి సరిపెట్టాల్సిన పని లేదు. చెరువులో దొరుకుతుంది కదా అని తెచ్చి వేయకూడదు, జలగలు, తూనీగ పురుగులు వెంట వస్తాయి. తూనీగ పిల్ల నీళ్లలో ఉన్నన్నాళ్లూ చేప పిల్లల్ని తినే బకాసురుడు. పైగా 2018 నుంచి కె.సి. వ్యాలీ పథకం కింద బెంగళూరులో శుద్ధి చేసిన మురుగు నీటిని మన జిల్లా చెరువులకు మళ్లిస్తున్నారు. భూగర్భ జలం పెరిగేదానికి అది ఆసరా కావొచ్చు గానీ, అట్లాంటి నీళ్లను, మొక్కల్ని బడి తొట్టిలోకి తేవడం నాకు ఇష్టం లేదు.

తొట్టిలో మొక్కలు, నత్తలు, చేపలు కలిసి బతకగలవని మొదట పద్ధతిగా చేసి చూపించింది లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త, 1850లో. రెండు గోల్డ్‌ఫిష్‌లు, వాలిస్నేరియా వేసినారు. ఆకులు కుళ్లి జిగురు పట్టడంతో నత్తల్ని కూడా వేస్తే అవి దాన్ని తినేసి నీళ్లు తేటపడినాయి. మూడేళ్లకు, 1853లో, లండన్ జంతుప్రదర్శనశాలలో ప్రజల కోసం చేపల ఇల్లు తెరిచారు. వారింగ్టన్ వేసింది రెండే చేపలని గమనించండి.

ఇప్పుడు చేపలు. గోల్డ్‌ఫిష్ వద్దని తీర్మానించాం. అది అరచేయంత పెరుగుతుంది, ఎంత తింటే అంత మురికి చేస్తుంది. గాజు శుభ్రం చేస్తుందని అంగట్లో అంటగట్టే సక్కర్ చేప అంతకంటే వద్దు. కొన్నప్పుడు వేలంత, తర్వాత అడుగు దాటుతుంది. మన ఎంపిక జీబ్రా చేప. అంగుళంన్నర పొడుగు, ఒంటి మీద నీలం చారలు, ఎప్పుడూ గుంపుగా ఉరుకుతా ఉంటుంది. చలికి కూడా ఓర్చుకుంటుంది. డిసెంబరు, జనవరిలో మన రాత్రులు ఎట్లా ఉంటాయో మీకు తెలుసు, హీటర్ లేకుండా నెట్టుకురాగల చేప ఇది. మొదట ఆరు జీబ్రాలు. రెండు వారాలు ఆగి, నీళ్ల పరీక్ష సరిగ్గా ఉంటే నాలుగు గప్పీలు, అన్నీ మగవే. గప్పీలు మన నీళ్లకు సరిపోయినా చలికి అంత గట్టివి కావు. అందుకని డిసెంబరులో నీళ్ల వేడి 20 డిగ్రీలకు దిగితే వాటి కోసం చిన్న హీటర్ పెడతాం. ఆడ గప్పీ ఉంటే నెలకోసారి ఇరవై ముప్పై పిల్లల్ని పెడుతుంది. ఒక్కసారి మగచేపతో కలిసినా నెలల తరబడి పిల్లల్ని పెట్టగలదు. సంక్రాంతికి తొట్టి కిటకిటలాడిపోతుంది. మొత్తం పది చేపలు, రెండు నత్తలు. అంతకు మించి ఒక్కటి కూడా లేదు. పిల్లలు పాతిక అడిగారు, ఒప్పుకోలేదు.

జీబ్రా చేపను ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. ఇది మన ఉపఖండపు చేపే. దీన్ని 1822లో గంగానది చేపల పుస్తకంలో మొదట వర్ణించి శాస్త్రీయ నామం పెట్టింది ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే స్కాట్లండ్ వైద్యుడు. అంతకు ముందు ఆయన పేరు బుకానన్. 1800లో మద్రాసు నుంచి బయలుదేరి, బేతమంగళం మీదుగా మైసూరు సీమలోకి వచ్చి, దారిలో పంటలు, చెరువులు, జనం బతుకులు రాసిపెట్టిన ఆ బుకానన్ ఈయనే. మన జిల్లా చెరువు గట్లు తొక్కిన మనిషి పేరు పెట్టిన చేప ఇప్పుడు ప్రపంచంలోని ప్రయోగశాలలన్నిటిలో ఉంది. హైదరాబాదు సీసీఎంబీలోనూ ఉంది. దీని జన్యుపటం 2013లో పూర్తిగా వెలువడింది. మనిషి జన్యువుల్లో నూటికి 70 దాకా దీంట్లో జోడీలున్నాయని తేలింది.

దీని గుడ్డు గాజులా ఉంటుంది, లోపల పిండం పెరగడం భూతద్దంతో చూడొచ్చు. రెండో రోజుకు గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది, రెండు మూడు రోజుల్లో పిల్ల బయటికొస్తుంది. అయితే తల్లీ తండ్రీ తమ గుడ్లను తామే తినేస్తాయి. అందుకు ఉపాయం గోలీలు. వేరే గాజు జాడీ అడుగున గోలీలు పరిచి సాయంత్రం చేపల్ని అందులో వదిలితే, పొద్దున వెలుగు పడగానే గుడ్లు పెడతాయి. అవి గోలీల సందుల్లోకి జారిపోతాయి, చేపల నోటికి అందవు. అప్పుడు చేపల్ని తీసేయాలి. గోలీలు దండిగా ఉన్నాయి సార్ అని 6వ తరగతి మగపిల్లలు ఇప్పటికే ముందుకొచ్చినారు.

చేపలు బెంగళూరు నుంచి వస్తాయి. చెన్నై కొళత్తూరు రంగు చేపలకు పేరుపడిన చోటే గానీ మనకు దూరం. బెంగళూరులో కావేరి నీళ్లు వాడే అంగడి అయితే ఆ నీళ్లు మన బోరు నీళ్ల కంటే చాలా మెత్తన. సంచీలోంచి తిన్నగా మన తొట్టిలో గుమ్మరిస్తే చేపకు దెబ్బ. సంచీని మూతి కట్టి ఉండగానే తొట్టిలో ఇరవై నిమిషాలు తేలనిస్తే వేడి సమానమవుతుంది. తర్వాత చేపల్ని ఒక డబ్బాలోకి మార్చి, గంట సేపు కొంచెం కొంచెంగా మన తొట్టి నీళ్లు కలపాలి. చివరికి వలతో చేపను మాత్రమే తొట్టిలోకి వదలాలి. సంచీ నీళ్లు పారబోయాలి, అంగడి జబ్బులు అందులో ఉండొచ్చు. ఆ పూట దీపం వేయం, మేత వేయం. పిల్లలు గదిలో అరవకుండా ఉండాలి, ఇది మాత్రం ఎట్లా సాధిస్తామో చూడాలి.

చేపలొచ్చినాక అసలు ప్రమాదం మన ప్రేమే. ఇడ్లీ, బొరుగులు, బిస్కెట్టు, బిసియూటలో మిగిలిన అన్నం, ఇవేవీ వేయకూడదు. రోజుకొకసారి, రెండు నిమిషాల్లో తినేసేంత మేత. చేప కడుపు దాని కంటి కంటే పెద్దది కాదని గుర్తుంచుకుంటే చాలు. డబ్బా నా బీరువాలో ఉంటుంది, వంతు ఉన్న ఇద్దరు పిల్లలే తీసుకుంటారు. ఆదివారం ఉపవాసం, దానివల్ల చేపలకు ఏమీ కాదు. దసరా, వేసవి సెలవుల్లో ఊళ్లోనే ఉండే ఇద్దరు పెద్దవాళ్లు రెండ్రోజులకోసారి వచ్చి చూడాలి. అట్లాంటి వాళ్లు దొరక్కపోతే చేపలే తేను.

శుక్రవారం పది లీటర్ల పాత నీళ్లు గొట్టంతో తీసి, నిలవ ఉంచిన బోరు నీళ్లు పోస్తాం. గొట్టాన్ని నోటితో పీల్చకూడదు, నీళ్లలో ముంచి నింపి ఒక కొన మూసి దించితే తనంతట తానే పారుతుంది. ఆ పాత నీళ్లు కరివేపాకు చెట్టుకు మంచి ఎరువు. స్పాంజిని కుళాయి కింద కడిగితే నెల రోజుల శ్రమ పోయినట్టే. తీసిన పాత నీళ్లలోనే పిండాలి. ఇంకొకటి, మధ్యలో ఆవిరైపోయిన నీళ్లకు బదులు బోరు నీళ్లు పోయకూడదు. ఆవిరయ్యేది నీళ్లే, లవణాలు కాదు. అవి అక్కడే ఉండి పోగవుతాయి. ఈ లోటు పూడ్చేదానికి మాత్రం శుద్ధ నీటి ఘటకం నుంచి తెచ్చిన ఆర్వో నీళ్లు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. బోరు నీళ్లలో చేపలు హాయిగా తిరుగుతున్నాయి కదా, మనం తాగితే ఏమని ఏ పిల్లవాడూ అనుకోకూడదు. మన ప్రాంతపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య ఉంది. తాగే నీళ్లలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేనప్పుడు ఒకటిన్నర దాకా అని దేశ ప్రమాణం. పళ్ల మీద గోధుమ చారలున్న పిల్లలు మన చుట్టుపక్కల ఊళ్లలో ఎంతమంది ఉన్నారో టీచర్లందరికీ తెలుసు. ఫ్లోరైడ్ నిలవ ఉంచితే పోదు, కాచితే పోదు, కాచి నీళ్లు ఇగిరితే ఇంకా చిక్కనవుతుంది. కంటికి కనపడదు, రుచి తెలియదు. చేప బతకడం వేరు, మనిషి పదేళ్లు రోజూ తాగడం వేరు. బడిలో తాగేదానికి ఆర్వో నీళ్లే. ఇంట్లోనూ దయచేసి అదే పాటించండి, ఇరవై లీటర్ల క్యాను కోసం నడవడం కష్టమైనా సరే.

చేపలు ఎక్కువైతేనో, విసుగొస్తేనో చెరువులో వదిలేయడం పుణ్యమని కొందరి నమ్మకం. అది పుణ్యం కాదు. అట్లా చేరిన సక్కర్ చేపలు ఆంధ్ర, తెలంగాణ చెరువుల్లో పెరిగి మత్స్యకారుల వలలు చింపుతున్నాయి. దోమల కోసం వదిలిన గాంబూసియా కూడా ఊరి చిన్న చేపల గుడ్లను, పిల్లల్ని తింటుంది. మన చెరువులో పరిగెలు, కొరమీనులు ఉన్నాయి, వాటి చోటు వాటికి ఉండనీ. మన తొట్టి చేపలు వద్దనుకుంటే నాకు చెప్పండి, తీసుకునే ఇల్లు వెతుకుదాం.

తొట్టి దినచర్య పుస్తకం తెలుగులోనే రాయిస్తున్నాం. మొప్ప, తోక రెక్క, పొలుసు, గుడ్డు, పిల్ల, మేత, పాచి: ఇంట్లో వాడే మాటలతోనే విజ్ఞానం రాయొచ్చని పిల్లలకు తెలియాలి. పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు 1803లో విశాఖపట్నం తీరపు 200 చేపల బొమ్మలతో పుస్తకం వేసినప్పుడు, చేపల పేర్లు అక్కడి జాలరులు పిలిచే తెలుగు మాటల్లోనే ఇచ్చినారు. కన్నడ పేర్లు కూడా పక్కన రాయమన్నాను, మన పిల్లలకు రెండూ కావాలి. ఒక చేప చనిపోతే ఆ రోజు తేదీ, నీళ్ల పరీక్ష, అంతకు ముందు ఏం మారిందో అన్నీ రాయాలి. దాచకూడదు.

ఈ శనివారం ఉదయం బడి వదిలినాక ఎస్‌డిఎంసి సమావేశం ఉంది. సెలవుల్లో తొట్టి చూసుకోగలిగిన పెద్దలిద్దరు కావాలి. పాత తొట్టి ఇంట్లో ఉన్నవాళ్లు స్పాంజి పిండిన నీళ్లు ఒక సీసాలో పట్టి తేగలరు. మూత బిగించకుండా, అదే రోజు తేవాలి.